పేరు పెట్టి చేసిన ప్రార్థన

రెడ్‌గేట్ చర్చి స్కూల్లో డెల్‌రోజ్ పినాక్ చేసే ఉద్యోగం ఏమిటో ఆవిడకి జీతమిచ్చే బోర్డుకే సరిగ్గా తెలియదు. కాగితాల్లో చాప్లెయిన్ అని ఉంటుంది. పాఠం చెప్పని టీచరు, చర్చి లేని పాస్టరు, సూదిమందు లేని నర్సు, ఈ ముగ్గురినీ ఒక మనిషిలో కుక్కి సగం జీతానికి పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆవిడ పని.

ఆటసామాన్ల కొట్టుకీ ఆడపిల్లల మరుగుదొడ్లకీ మధ్య ఆవిడకో గది ఇచ్చారు. అంతకుముందు అందులో చీపుర్లు పెట్టేవారు. గది ఇచ్చిన రోజున బోర్డు పెద్దలు రాజధాని కింగ్‌స్టన్ నుంచి కార్లలో వచ్చి, తలుపు మీద 'ఆత్మీయ ఆదరణ కేంద్రం' అని రాయించి, రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి, గదికి కిటికీ లేదన్న సంగతి గమనించకుండానే వెళ్ళిపోయారు. పిల్లలు దాన్ని చీపుర్లగది అనే అంటారు. డెల్‌రోజ్ కూడా అలాగే అంటుంది.

గదిలో రెండు కుర్చీలు, ఒక కెటిల్, ఒక ఇనప బీరువా. బీరువాలో బైబిళ్ళకంటే స్కర్టులు ఎక్కువ. కురచైపోయిన యూనిఫారాలు విప్పి కుట్టినవి, ఎవరో వదిలేసిన బూట్లు, సబ్బులు, ఆడపిల్లలకి నెలనెలా కావలసినవి, ఉప్పు బిస్కెట్లు, ఒక ఇస్త్రీపెట్టె. ఇంట్లో కరెంటు కోసేసిన పిల్లలు ఏడింటికే వచ్చి చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, ఏమీ ఎరగనట్టు వరసలో నిలబడేవాళ్ళు.

ఏడుస్తూ వచ్చిన పిల్లని ఏమైందని అడగకపోవడం డెల్‌రోజ్ పద్ధతి. "ఆ కెటిల్లో నీళ్ళు పట్టుకురా తల్లీ" అనేది. పని చెప్పిన మనిషి మీద పిల్లలకి అనుమానం ఉండదు. నీళ్ళు మరిగేలోపు వాళ్ళే మొదలుపెట్టేవాళ్ళు. నాన్న ఇంటికి రావడం లేదనో, అమ్మకి ఆపరేషన్ అనో, తమ్ముడికి బడికి వేసుకెళ్ళడానికి చొక్కా లేదనో. డెల్‌రోజ్ విని, టీ ఇచ్చి, మధ్యాహ్నం కల్లా ఏదో ఒకటి చేసేది. ఎవరు చేశారో, ఎవరికి చేశారో బయటికి పొక్కేది కాదు.

ఆ నోటి గట్టితనం పోస్టాఫీసులో వచ్చింది. ఊళ్ళో పోస్టాఫీసు మూసేసేదాకా ఇరవై రెండేళ్ళు దాన్ని నడిపింది ఆవిడే. కెనడాలో ఆపిల్ తోటల్లో పని చేసే మొగుడు ఏ పెళ్ళానికి రాస్తున్నాడో, ఏ పెళ్ళానికి మానేశాడో కవర్లు చూసి చెప్పగలదు. చెప్పలేదు. ఊరి గుట్టంతా ఆవిడ వేళ్ళ మీదుగా వెళ్ళింది, ఒక్క చుక్క ఒలకలేదు. చర్చి వాళ్ళు చాప్లెయిన్‌గా ఆవిణ్ణి తీసుకున్నది భక్తి చూసి కాదు, ఇది చూసే.

అటువంటి మనిషి యాభై ఎనిమిదో ఏట, నాలుగు వందలమంది పిల్లల ముందు, మైకులో, ఒక ఇంటి పరువు తీసింది.

ఆ ఇల్లు ఎబాంక్స్ వాళ్ళది. కిందటేడు తుఫానులో మాస్ రాన్స్‌ఫర్డ్ ఎబాంక్స్ పడవ మూడు ముక్కలైంది. ఊళ్ళో పెద్దమనిషిని పేరుకి ముందు మాస్ అని పిలుస్తారు. ఆ గౌరవం ఇంకా మిగిలింది గానీ పడవ మిగల్లేదు. ఇరవై ఏళ్ళు సొంత పడవ నడిపినవాడు ఇంకొకడి పడవలో కూలికి వెళ్ళలేక, ఇంటి వెనక తిరగేసిన ఐసుపెట్టె మీద కూర్చుండిపోయాడు. భార్య మేవ్‌లిన్ ఉల్లికాడల మడి చేస్తుంది. ఆ ఏడు వాన లేదు. జమైకా రేడియో వాన కబురు చెప్పినప్పుడల్లా వాళ్ళ జిల్లా సెయింట్ ఎలిజబెత్ పేరు ఆఖర్న వస్తుంది. వానా అంతే. ఇద్దరికీ ఒక్కతే కూతురు జోడియాన్, అయిదో ఫారం. మే నెలలో పెద్ద పరీక్ష. ఆ పరీక్ష పాసైతే ఆ ఎర్రమట్టి దాటి బయటపడొచ్చు, లేకపోతే ఉల్లికాడలు ఉండనే ఉన్నాయి.

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం మేవ్‌లిన్ ఆదివారం బట్టలు కట్టుకుని చీపుర్లగదికి వచ్చింది. కుర్చీలో వీపు ఆన్చకుండా కూర్చుంది. నీళ్ళు పట్టుకురమ్మని ఆవిడకి చెప్పలేక డెల్‌రోజే పట్టుకొచ్చింది.

"మిస్ పినాక్, నేను ఏదీ అడగడానికి రాలేదు. పిల్ల మధ్యాహ్నం ఇక్కడ తినేట్టు చూడండి. దానికి తెలియకుండా. అంతే."

"చూస్తానమ్మా."

మేవ్‌లిన్ చాలాసేపు కెటిల్ వంక చూసింది. "మూడు రోజులయింది పొయ్యి మీద నిజంగా ఏదన్నా పెట్టి. రోజూ పొద్దున మంట మాత్రం వేస్తాను. కుండలో నీళ్ళు పోసి మూత పెడతాను. పక్కింటి యూనాకి పొగ కనపడాలి కదా. మధ్యమధ్యలో మూత తీసి గరిటె తిప్పుతాను కూడా." అని చిన్నగా నవ్వింది. "ఒకసారి ఉప్పు కూడా చూశాను మిస్."

డెల్‌రోజ్ నవ్వలేదు. ఆ రోజు నుంచి వంటశాలలో పళ్ళేలు లెక్కపెట్టే పని జోడియాన్‌కి అప్పగించింది. పని చేసిన పిల్ల అక్కడే తినాలని నిబంధన. ఆ నిబంధన ఆ ఉదయమే పుట్టింది.

ఆ తర్వాతి సోమవారం బోర్డు చైర్మన్ తుఫాను సహాయం పెట్టెలు పంచడానికి ఫొటోలు తీసేవాణ్ణి వెంటేసుకుని వచ్చాడు. పేదవాడి చేతిలో పెట్టె పెట్టేముందు వెలుతురు సరిపోతుందో లేదో చూసుకునే రకం. ఉదయం ప్రార్థనకి పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. చైర్మన్ డెల్‌రోజ్ చెవిలో, "సిస్టర్, ఉత్త ప్రార్థన కాదు. గుండె కరగాలి" అన్నాడు.

డెల్‌రోజ్ కళ్ళు మూసుకుంది. ముందు అందరి కోసమూ అడిగింది, వాన అడిగింది. టీచర్లు ఆమెన్ అన్నారు. పోయిన పడవల కోసం అడిగింది. ఈసారి ఆమెన్ ఇంకాస్త గట్టిగా వచ్చింది. ప్రార్థన చేసేవాళ్ళకి ఆ ఆమెన్ తెరచాపకి గాలిలాంటిది. మనిషి నడపడం మానేస్తాడు, గాలే నడుపుతుంది. వారం రోజులుగా గుండెలో బరువైనదేదో ఆ గాలికి పైకి వచ్చేసింది. "ప్రభువా, ఎబాంక్స్ ఇంటిని తలుచుకో! ఇరుగుపొరుగు చూస్తారని కుండలో ఉత్త నీళ్ళు మరగబెట్టుకుంటున్న ఆ తల్లిని తలుచుకో!"

అన్నిటికంటే పెద్ద ఆమెన్ దానికే వచ్చింది.

మనుషులతో అయితే చచ్చినా అనేది కాదు. దేవుడితో అంటున్నాననుకుంది. కళ్ళు తెరిచేసరికి అయిదో ఫారం వరసలో జోడియాన్ కళ్ళు మూసుకుని లేదు. తిన్నగా ఆవిడనే చూస్తోంది. ఆ చూపులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు. కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది.

రెండో పీరియడ్ కల్లా 'నీళ్ళచారు' అని పేరు పెట్టేశారు. "నీళ్ళచారూ, మీ అమ్మ ఇవాళ ఉప్పేసిందా?" అని మగపిల్లలు. మధ్యాహ్నం గంట కొట్టకముందే జోడియాన్ గేటు దాటి వెళ్ళిపోయింది. మంగళవారం రాలేదు, బుధవారం కూడా రాలేదు. సైన్సు రికార్డు పుస్తకం నెలాఖరు సోమవారం లోపల ఇవ్వకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. రెండు వారాలు కూడా లేదు.

గురువారం డెల్‌రోజ్ పిండి, బియ్యం, చేపల డబ్బాలు పెట్టెలో సర్దుకుని వాళ్ళింటికి వెళ్ళింది. అది రెండో తప్పని వెళ్ళాక తెలిసింది. మేవ్‌లిన్ గేటు దగ్గరే నిలబడింది.

"అక్కడే ఆగండి మిస్. కుక్క కరుస్తుంది."

"మీకు కుక్క లేదు కదమ్మా."

"ఇప్పుడుంది. నేనే."

"మేవ్‌లిన్, తప్పయిపోయింది. ప్రార్థన చేస్తూ చేస్తూ..."

"ప్రార్థనా?" మేవ్‌లిన్ గొంతు లేవలేదు, దానికే భయం వేసింది. "మా అమ్మకి చెప్పలేదు. మా చెల్లికి చెప్పలేదు. నీకు చెప్పాను. దేవుడికి నువ్వు చెప్పేదాకా తెలియదనుకున్నావా? మా ఇంటికి దారి ఆయనకి తెలుసు. నువ్వు మైకు పెట్టి దారి చూపించక్కర్లేదు."

"నన్ను ఎన్నయినా అను. పిల్లని మాత్రం పంపు. పరీక్ష..."

"పంపను. పస్తులుంచి అయినా పెంచుకుంటాను. నవ్వులపాలు చేసి పెంచను."

డెల్‌రోజ్ పెట్టె గేటు పక్కన పెట్టి వచ్చేసింది. శుక్రవారం పొద్దున పిల్లలు బడికి వచ్చే వేళకి మేవ్‌లిన్ ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని, అడ్డదారి ఉన్నా కావాలని పెద్దరోడ్డు మీదుగా, కొట్లముందు నుంచి, బస్సు ఆగేచోటు నుంచి, రెండు మైళ్ళు నడిచి వచ్చింది. టీచర్ల గది ముందు దించింది. తాడు ముడి కూడా విప్పలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా మెడ తిప్పుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ ఉదయం డెల్‌రోజ్ చీపుర్లగదికి వెళ్ళలేదు. వంటశాల వెనక మెట్టు మీద కూర్చుంది. వంట చేసే ఐసీ ఆవిడకి చిన్ననాటి నుంచీ స్నేహితురాలు. మొక్కజొన్న జావ తిప్పుతూ లోపలినుంచే అందుకుంది.

"పోస్టాఫీసులో ఉన్నన్నాళ్ళూ నీ నోటికి స్టాంపు అంటించి ఉండేదే. ఆ ఆఫీసు మూసినప్పుడు స్టాంపులు కూడా పట్టుకుపోయారా?"

"నన్ను ఏడిపించకు ఐసీ."

"ఏడిపించక ముద్దెట్టుకోమంటావా? ఏడుస్తూ కూర్చుంటే ఆ పిల్ల పరీక్ష రాసేస్తుందా?"

"ఏం చెయ్యను? ఇస్తే తీసుకోదు."

"ఇచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు ఈ ఊళ్ళో. కార్లేసుకుని వచ్చి ఇస్తారు, ఫొటో తీసి ఇస్తారు, ప్రార్థన చేసి ఇస్తారు. దాన్ని ఏదన్నా అడిగినవాడు ఒక్కడున్నాడా?" ఐసీ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "నీ మళ్ళో గడ్డి పరిచావా?"

"లేదు."

"మరి రోజుకి రోజు ఎప్పుడు పెట్టుకుంటావ్?"

డెల్‌రోజ్ తలెత్తి చూసింది.

వానలేని ఆ నేలలో గినీ గడ్డి కోసి తెచ్చి మడి నిండా మందంగా పరవకపోతే ఉన్న తడి కూడా ఎగిరిపోతుంది. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని నువ్వు నా మళ్ళో ఒక రోజు, నేను నీ మళ్ళో ఒక రోజు. కూలి ఉండదు. మడి ఎవరిదో వంట వాళ్ళది. ఆ అన్నం ఎవరూ పెట్టింది కాదు, చేసిన పనికి హక్కు. తాతల నాటి నుంచీ రెడ్‌గేట్‌లో తలవంచకుండా తినగలిగే పరాయి ఇంటి అన్నం అదొక్కటే.

ఆ సాయంత్రం డెల్‌రోజ్ మళ్ళీ ఎబాంక్స్ గేటు దగ్గర నిలబడింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"రేపు నాకు మనుషులు కావాలి మేవ్‌లిన్. గడ్డి పరవాలి."

"ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"అడిగాను. మాట్లాడుకుంటూ పని చెయ్యడం అలవాటు కదా. నా ముందు మాట్లాడాలంటే భయపడుతున్నారు."

మేవ్‌లిన్ పెదవి ఒక పక్కకి వంగింది. నవ్వు కాదు గానీ నవ్వుకి పక్కింటిది. "భయపడరూ మరి" అంది. "కొడవలి నీదా, నాది తెచ్చుకోవాలా?"

శనివారం మేవ్‌లిన్ వచ్చింది, జోడియాన్ కూడా వచ్చింది. ఐసీ, ఐసీ అక్క కూతురూ వచ్చారు. గడ్డి మోపులు నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతుంటే ఐసీ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంది. పదకొండింటికి డెల్‌రోజ్ పచ్చి అరటికాయలు, కంద, ఉప్పుచేప ఉడికించి తెచ్చింది. అందరితోపాటు మేవ్‌లిన్ పళ్ళెం అందుకుంది, రెండోసారి కూడా వడ్డించుకుంది. "కందలో ఉప్పు ఎక్కువైంది" అని వంక కూడా పెట్టింది. ఆ వంక విన్నాక డెల్‌రోజ్ కాళ్ళు చాపుకుని కూర్చుంది. జోడియాన్ మాత్రం ఆ రోజంతా ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికి చేరి చెప్పులు విప్పుతుంటే డెల్‌రోజ్‌కి అసలు సంగతి తట్టింది. రోజుకి రోజంటే వచ్చే శనివారం మేవ్‌లిన్ మళ్ళో పని. మడి ఎవరిదో వంట వాళ్ళది! అయిదుగురికి ఆవిడ ఏం వండుతుంది?

ఆదివారం చర్చి వదలగానే ఐసీని పట్టుకుంది. "యూనా చేత నాలుగు అరటిగెలలు పంపిస్తే? ఎవరు పంపారో తెలియకుండా..."

"చెయ్యి కదిపావంటే విరగ్గొడతాను."

"మరి ఎలాగే?"

"ఏమో. వండితే తింటాం. వండకపోతే పస్తుంటాం. అది ఆవిడ ఇల్లు."

వారం రోజులు ఏమీ చెయ్యకుండా ఉండటం డెల్‌రోజ్ జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. సాయం చెయ్యడానికి అలవాటుపడ్డ చేతులు ఊరుకోవు. బీరువా తీసి స్కర్టులన్నీ మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది. జోడియాన్ ఆ వారం కూడా బడికి రాలేదు. సైన్సు టీచరు రెండుసార్లు అడిగాడు. "సోమవారం చూద్దాం సార్" అంది గానీ ఏం చూస్తుందో ఆవిడకే తెలియదు.

శనివారం ఎండ ఎక్కకముందే డెల్‌రోజ్, ఐసీ, ఐసీ అక్క కూతురూ ఎబాంక్స్ మడిలో దిగారు. మాస్ రాన్స్‌ఫర్డ్ ఐసుపెట్టె మీద లేడు. ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. తొమ్మిదయింది, పదయింది. పొయ్యి దగ్గర అలికిడి లేదు. మేవ్‌లిన్ అందరికంటే ఎక్కువ గడ్డి కోస్తోంది, అందరికంటే ఎక్కువ మాట్లాడుతోంది. డెల్‌రోజ్ ఆవిడ మొహం చూడలేక నేల చూస్తూ గడ్డి పరిచింది. లోపల ప్రార్థన చేద్దామనుకుంది. ఆ పని మీద నమ్మకం పోయి మానేసింది.

పదిన్నరకి బీచి దారిలో మాస్ రాన్స్‌ఫర్డ్ వస్తూ కనిపించాడు. మోకాళ్ళదాకా తడి ప్యాంటు, చేతిలో తాడుకి గుచ్చిన చేపలు పది పన్నెండు. తెల్లవారకముందే వేరేవాళ్ళ పడవ ఎక్కి, నిన్నమొన్నటిదాకా తన దగ్గర పనిచేసిన కుర్రాడి కింద వల లాగి వచ్చాడు. ఏడాదిగా ఎక్కనన్న పడవ అది. ఎవరి వంకా చూడకుండా వచ్చి చేపలు భార్య చేతికిచ్చాడు.

"అయిదుగురికీ సరిపోతాయా?" అన్నాడు.

మేవ్‌లిన్ తాడు అందుకుని, ఆ తడి చేతిని కాసేపు వదల్లేదు.

"మాస్ రాన్స్‌ఫర్డ్, ఇంత చిన్న చేపల్ని పట్టుకోవడానికి అంత పొద్దున్నే లేచావా? వాటికింకా మెలకువ కూడా వచ్చినట్టు లేదు!" అంది ఐసీ.

"పెద్దవి నువ్వొస్తున్నావని విని పారిపోయాయి" అన్నాడాయన. గొంతులో తుప్పు ఉంది గానీ మాట ఆయనదే.

మధ్యాహ్నం చేపల పులుసు గిన్నె డెల్‌రోజ్‌కి జోడియాన్ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెళ్ళిపోలేదు.

"మిస్, రికార్డు ఎప్పటిలోగా ఇవ్వాలి?"

"ఎల్లుండి సోమవారం."

"ఒక్క బొమ్మ మిగిలింది. కప్పది." కాలి బొటనవేలితో మట్టి గీకింది. "వస్తే మళ్ళీ అంటారు కదా."

అనరు, నేను చూసుకుంటాను అని నోటిదాకా వచ్చింది. డెల్‌రోజ్ ఆ మాట పులుసుతోపాటు మింగేసింది. "అంటారు తల్లీ. కొన్నాళ్ళు అంటారు. నా వల్లే అంటారు. నన్ను క్షమించాలని లేదు. రికార్డు మాత్రం ఇవ్వు."

జోడియాన్ ఆలోచించింది. "కప్పకి గుండెలో ఎన్ని గదులు మిస్?"

"నాకేం తెలుసే. నేను పోస్టమ్మని."

అప్పుడు నవ్వింది పిల్ల.

సోమవారం జోడియాన్ రికార్డు పుస్తకంతో బడికి వచ్చింది. అన్నవాళ్ళు అన్నారు. మూడు రోజులు పళ్ళబిగువున భరించింది, నాలుగో రోజు ఒకణ్ణి స్కేలుతో కొట్టి అరగంట బయట నిలబడింది. ఆ అరగంట డెల్‌రోజ్ కూడా వరండాలో ఏదో పని ఉన్నట్టు తిరిగింది. ఉదయం ప్రార్థనల్లో ఇక ఎవరి పేరూ రాలేదు. గుండె కరగడం లేదని చైర్మన్ ఉత్తరం రాశాడు. పెద్దమనుషుల గుండెలు కరిగించడానికి పేదవాళ్ళు తమ పొయ్యిలే చూపించాలా? డెల్‌రోజ్ ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. పోస్టాఫీసు మనిషి జవాబు రాయని ఉత్తరం అదొక్కటే.

మే నెలలో పరీక్ష మొదటి రోజు మేవ్‌లిన్ కూతుర్ని తీసుకుని గేటు దాకా వచ్చింది. మళ్ళీ ఆదివారం బట్టలే. పిల్లలు పెన్సిళ్ళు చెక్కుకుంటూ లోపలికి పోతున్నారు. డెల్‌రోజ్ దూరంగా నిలబడి ఉంటే తనే పిలిచింది.

"మిస్ పినాక్, ఇలా రండి. పిల్ల లోపలికి వెళ్ళేముందు ప్రార్థన చెయ్యండి."

డెల్‌రోజ్ దగ్గరికి వచ్చింది. "నేనా?"

"మీరే. పెదాలు కదపకుండా."

జోడియాన్ తల వంచింది. డెల్‌రోజ్ ఆ తలమీద చెయ్యి పెట్టింది. వీధిలో బస్సు హారన్ కొట్టింది, గంట మోగింది, ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. చెయ్యి తీశాక పిల్ల పరిగెత్తుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయింది. హాలు తలుపు మూసేదాకా మేవ్‌లిన్ చూసి, ఇటు తిరిగింది.

"అయిందా?"

"అయింది."

"ఏమడిగారు?"

"చెప్పను" అంది డెల్‌రోజ్.

మేవ్‌లిన్ ఆవిణ్ణి కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, సంచీ భుజానికి తగిలించుకుంది. "సరే. మధ్యాహ్నం దాకా నేనెక్కడికి పోతాను గానీ, ఆ చీపుర్లగదిలో టీ దొరుకుతుందా? నీళ్ళు నేను పట్టుకొస్తాను."